కెన్యా పక్షులు, మా తాత పాలపిట్ట: ఫోటోలు తీస్తూ నేర్చుకున్న పాఠం

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్ పెట్టిన ఫోటో పోటీ గుర్తుందా? అందులో "వేట" అనే ఫోటోకి మొదటి బహుమతి వచ్చింది. తెల్ల తల గద్ద ఒకటి రెక్కలు పైకెత్తి, కాళ్ళు ముందుకి చాచి, నీళ్ళ మీద చేపని అందుకుంటున్న ఫోటో. కెన్యాలో నైవాషా సరస్సు మీద తీశాను. పోటీ అయ్యాక చాలామంది "సెట్టింగ్స్ ఏంటి బ్రో?" అని మెసేజ్ చేశారు. సెట్టింగ్స్ అందరికీ పంపాను. అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ వ్యాసం సగం ఫోటోగ్రఫీ పాఠం, సగం నా ఒప్పుకోలు. పాఠం ముందు చెప్తాను. అది తెలిస్తే గానీ నేను చేసిన పని ఏంటో సరిగ్గా అర్థం కాదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, కాబట్టి టెక్నికల్ మాటలు చాలావరకు తెలుగు లిపిలో ఇంగ్లీషే. సర్దుకుపోండి.

1. సింహాలకి వెళ్ళి పక్షుల్లో పడ్డాను

మా మామయ్య నైరోబీలో ఉద్యోగం చేస్తారు. డిసెంబర్ సెలవుల్లో అమ్మ, నేను వాళ్ళింటికి వెళ్ళాం. కెన్యా వెళ్ళి రావాలంటే మనవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. అంటే నా ట్రిప్ సూదితో మొదలైంది. మామయ్య దగ్గర పాత డీఎస్‌ఎల్‌ఆర్, 70-300 లెన్స్ ఉన్నాయి. "తీసుకోరా, పగిలితే మాత్రం మీ అమ్మ దగ్గర వసూలు చేస్తా" అని ఇచ్చారు.

సఫారీ అనగానే మనకి సింహాలు, ఏనుగులే గుర్తొస్తాయి. కానీ కెన్యాలో 1,100కి పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. మన దేశం మొత్తంలో 1,300 పైచిలుకు. కెన్యా విస్తీర్ణం మన దేశంలో ఐదో వంతు కూడా ఉండదు. అయినా అన్ని జాతులు ఎందుకంటే, భూమధ్యరేఖ ఆ దేశం మధ్యలోంచి వెళ్తుంది, పైగా ఎత్తైన కొండలు, ఉప్పు సరస్సులు, మంచినీటి సరస్సులు, గడ్డి మైదానాలు, సముద్ర తీరం అన్నీ అక్కడే ఉన్నాయి. నైరోబీ సిటీలోనే రోడ్డు పక్క చెట్ల మీద మనిషి ఛాతీ ఎత్తుండే మరబూ కొంగలు కూర్చుని ఉంటాయి. మొదటి రోజు ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తూ వాటిని చూసి బొమ్మలనుకున్నాను.

స్వాహిలీలో "సఫారీ" అంటే ప్రయాణం. అరబ్బీ నుంచి వచ్చిన మాట, మన హైదరాబాద్‌లో వినే "సఫర్"కి చుట్టం. పక్షిని "న్డెగె" అంటారు, విమానాన్నీ అదే మాటతో పిలుస్తారు. 

జీపులో మామయ్య, అత్త, వాళ్ళ ఇద్దరు పిల్లలు, అమ్మ, నేను. పిల్లలకి సింహం కావాలి, నాకు పక్షులు. చివరికి ఒప్పందం కుదిరింది: రోజూ ఉదయం మొదటి గంట నాది, మిగతా రోజంతా సింహాలది.

2. మూడు వేరియబుల్స్

కెమెరాలో వెలుతురుని నిర్ణయించేవి మూడు: షట్టర్ స్పీడ్, అపెర్చర్, ఐఎస్‌ఓ. ఒకటి మారిస్తే మిగతా రెంటిలో ఒకదాన్ని సర్దాలి. ఇందులో పక్షుల విషయానికి ముందు తేల్చుకోవాల్సింది షట్టర్ స్పీడ్.

ఎందుకో చిన్న లెక్క వేద్దాం. ఎగిరే పక్షి సెకనుకి 10 మీటర్లు వెళ్తుందనుకోండి. షట్టర్ 1/250 పెడితే, అది తెరుచుకున్నంతసేపట్లో పక్షి 4 సెంటీమీటర్లు జరుగుతుంది. అంటే కన్ను, ముక్కు అన్నీ అలికేసినట్టు వస్తాయి. 1/2000 పెడితే జరిగేది 5 మిల్లీమీటర్లే. అందుకే కూర్చున్న పక్షికి 1/500 సరిపోవచ్చు గానీ, ఎగిరేదానికి 1/2000 కావాలి. రెక్కల కొసలు ఇంకా వేగంగా కదులుతాయి కాబట్టి చిన్న పక్షులకి అదీ చాలదు.

షట్టర్ అంత వేగంగా పెడితే లోపలికి వచ్చే వెలుతురు తగ్గిపోతుంది. అపెర్చర్‌ని లెన్స్ ఎంత తెరవనిస్తే అంత తెరుస్తాం. ఇంకా చాలకపోతే ఐఎస్‌ఓ పెంచుతాం. ఐఎస్‌ఓ పెంచితే ఫోటోలో ఇసక చల్లినట్టు నాయిస్ వస్తుంది. మొదటి రోజు నాయిస్‌కి భయపడి ఐఎస్‌ఓ 200 దాటనివ్వలేదు. ఆ రోజు తీసిన 180 ఫోటోల్లో షార్ప్‌గా వచ్చినవి నాలుగు. నాయిస్‌ని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో కొంత తగ్గించవచ్చు, కదిలిపోయిన కన్నుని మాత్రం నిలబెట్టలేం.

ఇంకో తప్పు 255 దగ్గర చేశాను. మనకి తెలిసిందే, మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకి 0 నుంచి 255 దాకా విలువలు. తల తెల్లగా, రెక్కలు నల్లగా ఉండే గద్ద చీకటి నీడ ముందు ఉంటే, కెమెరా మొత్తానికి సగటు తీసి "చీకటి ఎక్కువ" అనుకుని వెలుతురు పెంచేస్తుంది. అప్పుడు తల మీది ఈకలన్నీ 255 దగ్గర అతుక్కుపోయి సున్నం పూసినట్టు కనిపిస్తాయి. పోయిన వివరాలని ఏ యాప్ కూడా నిజంగా వెనక్కి తేలేదు. అందుకే తెల్ల పక్షికి ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్ మైనస్ వైపు జరపాలి. ఎండ ఆకాశం ముందు నల్ల పక్షి ఉంటే ప్లస్ వైపు.

3. బర్స్ట్ నొక్కితే అయిపోతుందా?

"బటన్ నొక్కి పట్టుకో, వందలో ఒకటి రాకపోతుందా" అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకున్నాను, సెక్రటరీ బర్డ్‌ని చూసేదాకా.

మసాయి మారా గడ్డిలో పొడుగు కాళ్ళతో, తల వెనక కలాలు దోపుకున్నట్టు ఈకలతో ఠీవిగా నడిచే పక్షి ఇది. పాములని కాలితో తన్ని చంపుతుంది. ఇంగ్లండ్‌లో శిక్షణ ఇచ్చిన ఒక సెక్రటరీ బర్డ్ తన్నుని శాస్త్రవేత్తలు కొలిచి 2016లో ప్రచురించారు. ఆ తన్ను బలం దాని బరువుకి ఐదు రెట్లు. కాలు తగిలి ఉండే సమయం దాదాపు 15 మిల్లీసెకన్లు.

నా చేతిలోని కెమెరా సెకనుకి ఐదు ఫోటోలు తీస్తుంది. అంటే ఫోటోకీ ఫోటోకీ మధ్య 200 మిల్లీసెకన్లు. 15 మిల్లీసెకన్ల సంఘటన ఆ ఖాళీలో పడిపోకుండా దొరికే అవకాశం సుమారు 8 శాతం. పైగా రా ఫార్మాట్‌లో తీస్తుంటే కొద్ది ఫోటోలకే బఫర్ నిండి కెమెరా ఆగిపోతుంది. ఓఎస్ క్లాసులో చెప్పిన ప్రొడ్యూసర్-కన్స్యూమర్ ప్రాబ్లం ఇదే. సెన్సర్ ఉత్పత్తి చేస్తూ పోతుంది, మెమరీ కార్డు అంత వేగంగా మింగలేదు. ఆ రోజు పక్షి ఊరికే తల ఆడించినప్పుడల్లా బర్స్ట్ కొట్టి బఫర్ నింపుకున్నాను. అది నిజంగానే గడ్డిలోకి కాలు విసిరినప్పుడు నా కెమెరా మీద ఎర్ర లైటు మిణుకుమంటోంది. గైడ్ నవ్వి, "ముందు దాన్ని చూడు, తర్వాత నొక్కు" అన్నారు.

ఈ పక్షి 2020 నుంచి ఐయూసీఎన్ జాబితాలో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ఉంది. ఇంటికొచ్చాక ఆ సంగతి చదివాను. అంత అరుదైన పక్షి ముందు నేను కెమెరా స్క్రీన్ చూస్తూ కూర్చున్నానన్నమాట.

4. నీలం రంగు ఎక్కడికి పోయింది?

మారాలో లైలాక్ బ్రెస్టెడ్ రోలర్ అనే పక్షి ఉంది. ఊదారంగు ఛాతీ, ఆకుపచ్చ తల, రెక్క విప్పితే మెరిసే నీలం. మన పాలపిట్ట, ఇది ఒకే ప్రజాతి, కొరాసియస్. అక్కాచెల్లెళ్ళ పిల్లల్లాంటివి.

మొదటిసారి అది కనపడగానే పది ఫోటోలు తీశాను. అన్నిట్లో పక్షి నల్లగా, కాకిపిల్లలా వచ్చింది. సూర్యుడు దాని వెనక ఉన్నాడు. వెలుతురుకి ఎదురుగా తీస్తే ఏ పక్షైనా నల్లబడుతుంది, కానీ ఇక్కడ ఇంకో కారణం కూడా ఉంది. పాలపిట్ట జాతి ఈకల్లో నీలం రంగు పదార్థమేదీ లేదు. ఈక లోపలి అతి సూక్ష్మమైన నిర్మాణం నీలం కాంతిని వెనక్కి చెదరగొట్టడం వల్ల మనకి నీలం కనిపిస్తుంది. కాంతి మన వైపు నుంచి పడితేనే ఆ నీలం మన వైపు తిరిగొస్తుంది. పక్షుల ఈకల రంగుల మీద సి.వి.రామన్ 1934లో ఒక పరిశోధన పత్రం రాశారు. అందులో ఆయన పరీక్షించినవి పాలపిట్ట ఈకలే.

కాబట్టి సూర్యుడు మన వీపు వెనక ఉండేలా చూసుకోవాలి. భూమధ్యరేఖ దగ్గర ఇంకో చిక్కు, సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా పైకెక్కుతాడు. ఆరున్నరకి ఉదయిస్తే ఎనిమిదికల్లా మెత్తటి వెలుతురు అయిపోతుంది. పది దాటాక నేల వేడికి గాలి అలల్లా కదిలి, దూరంగా ఉన్న పక్షి నీళ్ళలోంచి చూసినట్టు వస్తుంది. లక్షల లెన్స్ ఉన్నా దానికి మందు లేదు. దగ్గరి పక్షిని చూసుకోవడమో, సాయంత్రం దాకా ఆగడమో.

చెయ్యి వణక్కుండా ఉండటానికి అత్త ఒక ఉపాయం చెప్పింది. దిండు గలీబులో మూడు కిలోల బియ్యం పోసి మూతి బిగించి కట్టింది. జీపు టాప్ అంచు మీద ఆ మూట పెట్టి, దాని మీద లెన్స్ ఆనించాను. ట్రైపాడ్ కంటే హాయి. ఇంజిన్ ఆపించడం మర్చిపోవద్దు, లేకపోతే మూటతో సహా అంతా వణుకుతుంది. (తిరిగొచ్చాక ఆ బియ్యం కడిగి వండేసింది కూడా.)

5. నైవాషాలో ఏం జరిగింది

ఇక అసలు సంగతి.

మారాకి వెళ్ళే ముందు నైవాషాలో ఒక రోజు ఆగాం. నైరోబీకి వాయవ్యంగా 90 కిలోమీటర్లుంటుంది, మంచినీటి సరస్సు. ఒడ్డున పసుపు బెరడు తుమ్మజాతి చెట్లు, తుంగ పొదలు, నీళ్ళలో హిప్పోలు. చెట్ల మీద ఆఫ్రికన్ ఫిష్ ఈగిల్‌లు. మన గరుడ పక్షి లాగే తెల్ల తల, కాకపోతే చాలా పెద్దది. దాని అరుపుని ఆఫ్రికా గొంతు అంటారు.

పడవాయన నన్నూ నా కెమెరానీ చూసి "ఫోటో కావాలా?" అన్నాడు. ఊఁ అన్నాను. కొంచెం డబ్బు మాట్లాడుకున్నాం. ఆయన బుట్టలోంచి చచ్చిన చేప తీశాడు. అది మునగకుండా లోపల తుంగ కాడ ముక్క దూర్చాడు. సూర్యుడు నా వీపు వెనక ఉండేలా పడవ తిప్పి నిలబెట్టాడు. చెట్టు మీది గద్దకి వినపడేలా ఈల వేసి, చేపని పదిహేను మీటర్ల దూరంలో విసిరాడు. "చేప మీదే ఫోకస్ పెట్టు. మూడు లెక్కపెట్టు."

మూడు లెక్కపెట్టాను. గద్ద వచ్చింది. 1/2000, బర్స్ట్. ఏడు ఫోటోలు, అందులో ఒకటి మీరు చూసిన "వేట".

ఆ ఫోటోలో వెలుతురు పడవాయనది, చోటు ఆయనది, క్షణం కూడా ఆయనదే. నేను చేసింది వేలు నొక్కడం.

చేప వెయ్యడం మహాపాపం అని నేను అనట్లేదు. గద్ద స్వేచ్ఛగానే ఉంది, ఇష్టమైతే వస్తుంది, లేకపోతే రాదు. ఆయనకి అది బతుకుతెరువు. పడవలో ఏం జరిగిందో ఆయన ఎవరి దగ్గరా దాచలేదు కూడా. దాచింది నేను. చచ్చిన చేపని ఏరుకుంటున్న పక్షి కింద "వేట" అని రాసింది నేను.

6. కొమ్మ మీద ఫోకస్

మారాలో మూడో రోజు ఉదయం. నా గంటలో ఇంకా నలభై నిమిషాలున్నాయి. ఒక పొద చిటారున రోలర్ కూర్చుంది. ఈసారి సూర్యుడు మా వెనక. రిజర్వ్‌లో దారి వదిలి గడ్డిలోకి బండి తోలకూడదు, కాబట్టి దగ్గరికి పోయే ప్రశ్నే లేదు. పిల్లలు "ఎగరగొట్టొచ్చుగా, చప్పట్లు కొడితే ఎగురుతుంది" అన్నారు. చప్పట్లు కొడితే అది మనకి వీపు చూపిస్తూ పారిపోతుంది, ఆ ఫోటోలో భయం తప్ప ఇంకేం ఉండదు.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. నల్లగొండ దగ్గర మా ఊళ్ళో, నా చిన్నప్పుడు, దసరా రోజు జమ్మి చెట్టు దగ్గరికి పోయే ముందు తాత నన్ను పల్లి చేను గట్టు మీదికి తీసుకుపోయేవాడు, పాలపిట్టని చూడ్డానికి. కరెంటు తీగ మీద కూర్చుని ఉండేది. చేనులోకి దూకి పురుగుని పట్టుకుని మళ్ళీ ఎగిరేది. "ఏడికి వోదు, జర ఆగు. మళ్ల గా తీగ మీదికే వస్తది" అనేవాడు. నిజంగానే అక్కడికే వచ్చేది.

చుట్టం కదా, ఇదీ అంతే అయ్యుంటుందనుకున్నాను. ఫోకస్‌ని పక్షి మీంచి తీసి ఆ చిటారు కొమ్మ మీద లాక్ చేశాను. షట్టర్ 1/2500, ఐఎస్‌ఓ 800. రోలర్ గడ్డిలోకి దూకింది. నేను నొక్కలేదు. కొమ్మనే చూస్తూ కూర్చున్నాను. పక్షి గాలికి ఎదురుగా వాలుతుంది కాబట్టి ఎటునుంచి వస్తుందో కూడా కొంచెం ఊహించొచ్చు. అది మిడతని పట్టుకుని వేరే పొద మీదికి పోయింది. రెండోసారి అలాగే. మూడోసారి మా కొమ్మ మీదికే వచ్చింది. రెక్కలు పూర్తిగా విప్పి బ్రేక్ వేసినట్టు ఆగిన క్షణంలో నొక్కాను.

ఒక రెక్క కొస ఫ్రేమ్‌లో తెగిపోయింది. తోక కొంచెం కదిలింది. కానీ కన్ను షార్ప్‌గా ఉంది, ఆ నీలం ఉంది, నోట్లో మిడత ఉంది. పిల్లలు కూడా ఊపిరి బిగబట్టి చూశారు. పక్కనున్న చిన్నది "మళ్ళీ వస్తుందా?" అని గుసగుసగా అడిగింది. సింహాల సంగతి ఆ పది నిమిషాలు ఎవరికీ గుర్తులేదు.

పోటీకి ఏది పంపాలి అని నాకు ఎక్కువ ఆలోచన పట్టలేదు. రెక్క తెగినదాన్ని ఎవరు చూస్తారు? గద్దని పంపాను.

7. తాత అడిగిన ప్రశ్న

వేసవిలో ఊరెళ్ళినప్పుడు తాతకి ఫోన్‌లో రెండు ఫోటోలూ చూపించాను. గద్ద ఫోటో చాలాసేపు చూసి, "చెట్టు మీదికెళ్లి ఒక్కసారిగ ఇట్లనే నీ ముందటికి వచ్చిందా?" అన్నాడు. అబద్ధం చెప్పలేకపోయాను. చేప సంగతి, డబ్బు సంగతి చెప్పాను.

తాత తిట్టలేదు. "యాదికున్నదా, నీకు ఎనిమిదేండ్లప్పుడు, దసరాకు టౌన్ల గుడి కాడ ఒకడు పాలపిట్టను బోన్ల వెట్టుకొని తిప్పిండు. మీ నాయిన పది రూపాయలిచ్చి నీకు సూపిచ్చిండు" అన్నాడు. గుర్తుంది. దాని రెక్క ఒకటి వేలాడుతూ ఉండేది. ఇంటికొచ్చి "పాలపిట్టని చూశా" అని చెప్తే తాత "బోన్లున్నదాన్ని సూస్తె సూసినట్టు గాదు బిడ్డా" అన్నాడు, మర్నాడు పొద్దున్నే నన్ను చేను గట్టుకి తీసుకుపోయాడు. పాలపిట్టని పట్టి బోనులో పెట్టడం చట్టప్రకారం నేరమని నాకు తర్వాత తెలిసింది. తాతకి చట్టం తెలిసి అలా అనలేదు.

నైవాషా గద్ద బోనులో లేదు. కానీ డబ్బిచ్చి చూసి, "నేనే కనిపెట్టుకుని చూశా" అని ఇంటికొచ్చి చెప్పింది మాత్రం రెండుసార్లూ నేనే. ఎనిమిదేళ్ళప్పుడు తెలియక చెప్పాను, ఈసారి తెలిసే చెప్పాను.

తర్వాత రోలర్ ఫోటో చూపించాను. తాత ఫోన్ దగ్గరికి లాక్కుని, "అరె, ఇది మన పాలపిట్టనే గద! జర రంగులెక్కువున్నయ్" అన్నాడు. తెగిన రెక్క ఆయన కళ్ళకి కనపడనే లేదు.

8. దిద్దుబాటు, హోంవర్క్

బహుమతిగా వచ్చిన పుస్తకాలని క్లబ్ కన్వీనర్ అక్కకి తిరిగిచ్చి జరిగింది చెప్పాను. "అందరికీ చెప్పు, రాసి ఇవ్వు" అంది. అందుకే ఈ వ్యాసం. ఫోటో కింద ఇకనుంచి ఇలా ఉండాలి:

"నైవాషా సరస్సు, కెన్యా. పడవ నడిపే ఆయన విసిరిన చేపని అందుకుంటున్న ఆఫ్రికన్ ఫిష్ ఈగిల్."

ఈ కెప్షన్‌తో ఆ ఫోటోకి బహుమతి వచ్చేదో లేదో మీరే చెప్పాలి.

పక్షుల ఫోటోలు మొదలుపెట్టాలనుకునేవాళ్ళు కెన్యా దాకా పోనక్కర్లేదు, పెద్ద లెన్స్ కూడా అక్కర్లేదు. మన హాస్టల్ వెనక తీగల మీద తోక చీలిన నల్ల ఏట్రింత కూర్చుంటుంది. అదీ పాలపిట్టలాగే దూకి పురుగుని పట్టి మళ్ళీ తీగ ఎక్కే రకం. ఒక సాయంత్రం ఇరవై నిమిషాలు ఫోన్ జేబులో పెట్టుకుని ఊరికే చూడండి. ఎన్నిసార్లు దూకింది, ఎన్నిసార్లు అదే చోటికి వచ్చింది, గాలి ఎటు ఉంది, అది ఎటు తిరిగి వాలింది, నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండో రోజు కెమెరా తీయండి. గూడు కనిపిస్తే దూరంగా వచ్చేయండి. ఫోన్‌లో దాని కూత పెట్టి పిలవకండి, రాయి విసరకండి. ఎలా తీశారో కెప్షన్‌లో రాయండి.

ఈ దసరాకి నేను ఊరెళ్తున్నా. పల్లి చేను ఇప్పుడు సగం ప్లాట్లయింది గానీ, తీగలు ఇంకా ఉన్నాయట. మామయ్య కెమెరా నైరోబీలోనే ఉంది. ఫోన్‌తో ప్రయత్నిస్తాను. పాలపిట్ట చిన్న చుక్కలా వచ్చినా సరే, ఆ చుక్కనే పంపుతాను.